రోహిణి కార్తె దాకా ఆగాల్సిందేనా?

అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఏటా ఏప్రిల్ నెలలో ఒకే తగువు నడుస్తుంది. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఖాళీ పెరడు చూసి ఉండబట్టలేక పార అడుగుతారు. అక్కడ నాలుగు శీతాకాలాలు గడిపినవాళ్లు పార దాచేస్తారు. ఇక్కడ మాట్లాడుకుంటున్న మేనమామ, మేనకోడలు నేను కల్పించిన మనుషులే. ఆయనది తెనాలి పక్క పల్లె, ఊహ తెలిసినప్పటి నుంచీ సేద్యమే. ఆవిడ మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ శివార్లలో ఉంటుంది. వాళ్ల మాటల్లోని చలి, మట్టి, మొక్కల గుణాలు మాత్రం కల్పన కాదు. ఎవరి పక్షమూ వహించకుండా రాయాలనుకున్నాను గానీ, మధ్యమధ్య ఊరుకోలేకపోయాను.

మావయ్య: ఇంత ఎండ కాస్తుంటే ఇంట్లో కూర్చోబెట్టావేంటే? ఫోనులో ఇరవై డిగ్రీలు చూపిస్తోంది. మనకి సంక్రాంతి తెల్లవారుజామున ఇంతకంటే చలేస్తుంది. పార ఎక్కడుందో చెప్పు.

మేనకోడలు: గరాజ్‌లో ఉంది, తాళంచెవి నా దగ్గరుంది. ఆ ఇరవై గాలిది మావయ్యా, నేలది కాదు. ఇక్కడ ఇంటి పునాది కనీసం 42 అంగుళాల లోతు దించాలని నిబంధన. రాష్ట్రానికి ఉత్తరాన అయితే 60 అంగుళాలు. ఎందుకనుకున్నావ్? చలికాలంలో నేల అంత లోతుదాకా గడ్డకట్టొచ్చు. గడ్డకట్టిన నీరు ఉబ్బి పునాదిని పైకి తోసేస్తుంది. మూడున్నర అడుగుల లోతు చలి రెండ్రోజుల ఎండకి పోతుందా?

మావయ్య: పైన కరిగింది కదా. పొద్దున వేలు గుచ్చి చూశాను, దిగింది.

మేనకోడలు: దిగితే దిగింది. ఒక పిడికెడు తీసి పిండి చూడు.

మావయ్య: ముద్ద కడుతోంది. చెమ్మ చేతికంటుతోంది. ఊఁ, పదును రాలేదు.

మేనకోడలు: ఇప్పుడు తవ్వితే ఏమవుతుంది?

మావయ్య: అది నాకు చెప్తావా? నల్లరేగడిలో తడి మీద అరక పెడితే లేచిన గడ్డ ఏడాదంతా పగలదు. సరే, ఒప్పుకున్నాను. నాలుగు రోజులాగుదాం. ముద్ద కట్టిన మట్టి వేలితో నొక్కితే పొడిగా విడిపోయే రోజున పార పట్టుకుంటాను. ఆరోజే బీర, ఆనప, బెండ, గోంగూర, చిక్కుడు అన్నీ పెట్టేయాలి. సెప్టెంబరు ఆఖరుకి నా గడువు అయిపోతుంది. కాపు చూడకుండా విమానమెక్కమంటే నా వల్ల కాదు.

మేనకోడలు: ఇదుగో, ఇక్కడే నీకూ నాకూ పేచీ. అన్నీ ఒక్కరోజు పెట్టేది ఈ నేల మీద కుదరదు. మన దగ్గర తొలకరికి ఖరీఫ్ మొదలవుతుంది, చలి పడ్డాక రబీ వస్తుంది. ఇక్కడ తిరగేసి చదువుకోవాలి. ముందు రబీ, తర్వాత ఖరీఫ్.

మావయ్య: అర్థమయ్యేలా చెప్పు.

మేనకోడలు: కొత్తిమీర, మెంతికూర, ముల్లంగి, బఠాణీ, క్యాబేజీ, క్యారెట్ మన దగ్గర ఎప్పుడు బాగుంటాయి? చలికాలంలో. అవన్నీ ఇక్కడ వసంతం కూరలు. నేల అయిదారు డిగ్రీలకొస్తే చాలు, బఠాణీ, పాలకూర మొలుస్తాయి. మొలిచాక ఒక రాత్రి సున్నాకి దిగినా చావవు. బెండకీ పాదులకీ అలా కాదు. నేల పద్దెనిమిది దాటాలి, ఇరవైకి పైన ఉంటే ఇంకా మంచిది. ఆ రెండిటి మధ్య ఇక్కడ నెలన్నర తేడా ఉంటుంది.

మావయ్య: నువ్వు చెప్పే డిగ్రీలన్నీ ఎవరు కొలుస్తారే? విత్తనం భూమిలో పడితే అదే చూసుకుంటుంది. వెచ్చబడిన రోజున మొలుస్తుంది. ముందు పెట్టినందుకు నష్టమేంటి?

మేనకోడలు: బఠాణీకి ఆ ఓపిక ఉంది. బెండగింజకి లేదు. చలిమట్టిలో తడి పీల్చుకుని ఉబ్బుతుంది, మొలవడానికి వేడి చాలక అక్కడే కుళ్లిపోతుంది. జూన్ మొదట్లో పెట్టిన గింజ అయిదారు రోజుల్లో మొలుస్తుంది. మే మొదట్లో పెట్టినది బతికి మొలిచినా, గిడసబారి కూర్చుంటుంది. వెనక పెట్టిన మొక్క దాన్ని దాటిపోతుంది. టమాటా నారు కూడా అంతే. చలినేలలో వేరు భాస్వరం అందుకోలేదు, ఆకుల అడుగు ఊదారంగుకి తిరుగుతుంది. జనం ఎరువు తక్కువైందని ఇంకో గుప్పెడు వేస్తారు. తక్కువైంది వేడి.

కొలిచేదెవరన్న మావయ్య ప్రశ్నకి ఆవిడ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మాంసం ఉడికిందో లేదో చూడటానికి వంటింట్లో గుచ్చే థర్మామీటర్ ఉంటే అదే చాలు. నాలుగంగుళాల లోతున గుచ్చి, పొద్దున పూట చూడాలి. మధ్యాహ్నం చూసిన అంకె మనల్ని మోసం చేస్తుంది. మూడు నాలుగు రోజులు వరసగా అదే అంకె వస్తే నమ్మొచ్చు. తోట సామాను కొనడానికి వెళ్లినప్పుడు జనం బండెడు మట్టిసంచులు తెచ్చుకుంటారు గానీ ఈ చిన్న వస్తువు మాత్రం తెచ్చుకోరు.

మావయ్య: పోనీ ఆఖరి మంచు ఎప్పుడు పడుతుందో లెక్క ఉండే ఉంటుందిగా. ఆ తేదీ చెప్పు, మర్నాడే మొదలుపెడతా.

మేనకోడలు: విమానాశ్రయం దగ్గర తీసిన లెక్కల్లో ఏప్రిల్ ఆఖరని ఉంటుంది. ఆ తేదీ పట్టుకునే చాలామంది మోసపోతారు. అది నడిమి లెక్క. అంటే సగం ఏళ్లలో ఆ తేదీ తర్వాత కూడా రాత్రి సున్నాకి దిగిందనే అర్థం. విమానాశ్రయం చుట్టూ సిమెంటు, తారు. వేడిని రాత్రంతా పట్టుకుంటాయి. మా ఇల్లు పల్లంలో ఉంది, చల్లగాలి బరువెక్కి ఇక్కడికే జారుతుంది. అందుకే ఇక్కడివాళ్లు మే నడిమి దాకా టమాటా బయటపెట్టరు. పాదులకైతే మెమోరియల్ డే, అంటే మే నెల ఆఖరి సోమవారం దాకా ఆగుతారు.

మావయ్య: విత్తనాల పొట్లం మీద జోన్ అని ఏదో రాసుంది. మీ ఊరు అయిదో జోన్ అని మీ ఆయన చెప్పాడు. దానికీ దీనికీ సంబంధం లేదా?

మేనకోడలు: లేదు. 2023లో జోన్ల కొత్త పటం వేసినప్పుడు ఈ ఊరు నాలుగు నుంచి అయిదుకి మారింది. అందరూ పండగ చేసుకున్నారు. ఆ పటం చెప్పేది ఒక్కటే, శీతాకాలంలో మహా దిగితే చలి ఎంతకి దిగుతుందో దాని సగటు. గులాబీ బతుకుతుందా, ఆపిల్ చెట్టు బతుకుతుందా అన్నదానికి పనికొస్తుంది. ఒక్క వేసవి బతికే బీరపాదుకి ఆ అంకెతో పనేంటి?

మావయ్య: మే ఆఖరి సోమవారం అన్నావు కదూ. అంటే ఇరవయ్యైదు నుంచి నెలాఖరు లోపు. ఓసినీ! రోహిణి కార్తె ప్రవేశించేది అప్పుడే. మనకి రోళ్లు పగిలే ఎండ. మీకు నాట్లా?

మేనకోడలు: మాకు నాట్లే. నీకు జూన్ ఎనిమిదికి మృగశిర వస్తుంది కదా, అప్పటికి నా బెండ మొలిచి ఉంటుంది.

ఈ రెండు తేదీలూ ఎవరో పనిగట్టుకుని కలిపినవి కాదు. ఉగాది చంద్రుడితో నడుస్తుంది కాబట్టి ఏటా తేదీ జరుగుతుంది, ఉగాది పేరు చెప్పి విత్తితే ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్‌లో విత్తాల్సొస్తుంది. కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క. అందుకే ఇంగ్లీషు తేదీలతో దాదాపు కదలకుండా కుదురుకున్నాయి. రైతు తన పనికి పండగ పంచాంగాన్ని కాక కార్తెని నమ్మడంలో ఈ తెలివి ఉంది. మిన్నెసోటాకి వలస వచ్చిన జర్మన్లకూ ఇలాంటిదే ఒకటుంది. మే 11 నుంచి 15 దాకా వరసగా కొందరు క్రైస్తవ సాధువుల పేర్ల రోజులు. ఆఖరామె సోఫీ, ఆమెని చలి సోఫీ అంటారు. ఆమె రోజు దాటేదాకా లేత మొక్కని బయటపెట్టరు.

మావయ్య: మరి తేదీలు లేనప్పుడు ఇక్కడివాళ్లు ఏం చూసి విత్తేవారు? ఈ దొరలు రాకముందు?

మేనకోడలు: పక్క రాష్ట్రం నార్త్ డకోటాలో మిస్సోరీ నది ఒడ్డున హిడాట్సా జాతివాళ్లు ఉండేవాళ్లు. సేద్యమంతా ఆడవాళ్ల చేతుల్లోనే. బఫెలో బర్డ్ ఉమన్ అనే రైతమ్మ చెప్పినదంతా గిల్బర్ట్ విల్సన్ అనే ఆయన రాసుకుని 1917లో అచ్చు వేయించాడు. నదిలో మంచు పగిలాక, మట్టి తవ్వడానికి వీలైన వెంటనే ముందు పొద్దుతిరుగుడు. మొక్కజొన్నకి మాత్రం ఆగేవాళ్లు. కట్టెలకని అడవికి వెళ్లిన ముసలమ్మలు అక్కడి గూస్‌బెర్రీ ముళ్లపొద ఆకు దాదాపు నిండుగా తొడిగిందని చెబితే, అప్పుడు మొక్కజొన్న పెట్టేవాళ్లు.

మావయ్య: అదీ మాట! పొద చూసి విత్తారు, పొట్లం చూసి కాదు. నాకు ఆ ముసలమ్మలు నచ్చారు. మరి నీ పెరట్లో ఏం చూడాలి?

మేనకోడలు: ఆ మూల లైలాక్ పొద ఉంది. దాని ఆకు చిట్టెలుక చెవంత అయితే బఠాణీ, మెంతులు పెట్టొచ్చు. పూత విచ్చుకుని రాలే వేళకి బీన్స్, దోస, బెండ. నేల వేడిని థర్మామీటర్‌తో సరిచూసుకోవచ్చు.

మావయ్య: బానే ఉంది. ఇంత ఓపిక గురించి పాఠం చెప్పేదానివి, కిటికీలో ఆ వంగనారు ఎప్పుడు పోశావే?

మేనకోడలు: మార్చి నడిమిన.

మావయ్య: అది తొందర కాదా? నేను తవ్వితే తప్పు, నువ్వు ఇంట్లో పోస్తే ఒప్పు!

మేనకోడలు: వంగ, మిరప ఎదగడానికే ఎనిమిది పది వారాలు పడతాయి. బయట నాటే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే మార్చే. టమాటాకి అయిదారు వారాలు చాలు, దాన్ని ఏప్రిల్లోనే పోశాను. పాదులైతే మే మొదటి వారం, మూడు వారాలకి మించి కుండీలో ఉంచకూడదు. వాటికి వేరు కదిలితే గిట్టదు. అందుకని కాగితం గ్లాసుల్లో పెట్టి, గ్లాసు అడుగు చించి అలాగే దించేస్తా.

మావయ్య: లెక్క బాగుంది. నారు బాగోలేదు. రా, చూడు. దారాల్లా సాగిపోయాయి. ఒక్కొక్కటి జానెడు ఎత్తు, నాలుగాకులు. ఇది నారా? పైన ఆ దీపం ఎంత ఎత్తున కట్టావు?

మేనకోడలు: అడుగున్నర.

మావయ్య: దింపు. మొక్క వెలుతురు కోసం వెతుక్కుంటోంది. నాకు మీ దీపాల సంగతి తెలియదు గానీ మొక్క మెడ సాచిందంటే ఏం కావాలో తెలుసు. నీళ్లు కూడా పొద్దునా సాయంత్రం పోస్తున్నావు. మట్టి పైన పచ్చగా పాకుడు పట్టింది. మొదలు దగ్గర మెత్తబడి వాలిపోయినవి మూడున్నాయి, నారుకుళ్లు. పీకి పారెయ్. పైమట్టి ఆరాకే నీళ్లు, అదీ కింద పళ్లెంలో. ఇంట్లో చిన్న ఫ్యాను ఉంటే రోజూ కాసేపు పెట్టు, లేదంటే రోజుకోసారి అరచేత్తో నారు తలల మీద నిమురు. గాలికి ఊగిన మొక్కకే కాండం గట్టిపడుతుంది. గది లోపల గాలెక్కడిది?

ఈ వాదంలో మేనకోడలి నోరు మూతపడిన చోటు ఇదే. దీపం మొక్క తలకి రెండు మూడంగుళాల ఎత్తులోనే ఉండాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. రోజుకి పద్నాలుగు నుంచి పదహారు గంటలు వెలగాలి, రాత్రి ఆర్పేయాలి. దక్షిణపు కిటికీ ఒక్కటే చాలదు, మార్చి ఎండకి అంత బలం లేదు. ఇంట్లో నారు పోసే చాలామంది విత్తనానికీ మట్టికీ ఖర్చు పెట్టి, దీపాన్ని మాత్రం పైకప్పుకి వేలాడదీస్తారు.

మేనకోడలు: దింపుతాను. కానీ నువ్వు కూడా ఒకటి వినాలి. మే నడిమిన వెచ్చగా ఉందని ఈ నారుని గదిలోంచి తీసుకెళ్లి తిన్నగా మడిలో నాటకు. పొద్దున గంటసేపు నీడలో, మర్నాడు రెండు గంటలు, తర్వాత కాస్త ఎండలో. అలా వారం పది రోజులు తిప్పాలి. లేకపోతే ఒక్కరోజు ఎండకి ఆకులు తెల్లబారి రాలిపోతాయి.

మావయ్య: అదంతా నాకు కాలక్షేపమేలే, తిప్పుతాను. ఈలోగా మట్టి పని చేయనీ. దుక్కి తర్వాత చదునుగా వదలకుండా బోదెలు తోలతాను, తూర్పు పడమరలుగా. బోదె దక్షిణపు వాలుకి ఎండ తగులుతుంది, నీరు జారిపోతుంది, తొందరగా వెచ్చబడుతుంది. నల్ల ప్లాస్టిక్ పట్టా ఉంటే దాని మీద పరుస్తా. మిరపకి మన రైతులు పరుస్తున్నారుగా.

మేనకోడలు: ఇది నేను కాదనను. గడ్డి మాత్రం ఇప్పుడే కప్పకు. గడ్డి కింద నేల చల్లగానే ఉండిపోతుంది. జూన్ నడిమిన, నేల వెచ్చబడ్డాక కప్పాలి.

మావయ్య: ఇంటి దక్షిణపు గోడవార ఇంకా వెచ్చగా ఉంది. అక్కడే తోటకూర, గోంగూర చల్లుదామా?

మేనకోడలు: అక్కడొద్దు. ఈ ఇల్లు పాతది. 1978లో నిషేధించే దాకా ఇళ్ల రంగుల్లో సీసం కలిపేవాళ్లు. గోడల నుంచి రాలిన పెచ్చులు ఆ మట్టిలోనే ఉంటాయి. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాలో మట్టి పరీక్ష చేస్తారు, సీసం కూడా చూడమని అడగొచ్చు. ఫలితం వచ్చేదాకా ఆ గోడ దగ్గర కుండీలే.

మావయ్య: సరే, మట్టి సంగతి తేలింది. ఇప్పుడు కూరల సంగతి. రాసుకో, పందిరి చిక్కుడు.

మేనకోడలు: రాయను.

మావయ్య: ఏం?

మేనకోడలు: కాయదు. నిజం చెప్పాలంటే మన కూరలు సగం ఇక్కడ పెట్టడమే దండగ. ఈ చోటి వాతావరణానికి సరిపడేవి వేసుకోవాలి. బఠాణీ, బంగాళాదుంప, బ్రాకలీ, లెట్యూస్. ఊళ్లో తిన్నదే ఇక్కడా తినాలని పట్టుబట్టి, అక్టోబరు దాకా ఆకులకి నీళ్లు పోసినవాళ్లని చూశాను.

మావయ్య: చిక్కుడు కాయదా! ఎండ ఉంది, నీళ్లున్నాయి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎండేగా. పగలు ఎంత సేపు?

మేనకోడలు: అదే చిక్కు. జూన్ ఆఖర్లో ఇక్కడ పగలు పదిహేనున్నర గంటల పైమాట. రాత్రి తొమ్మిదింటికి సూర్యుడు పోతాడు. తెనాల్లో ఎంత పొడుగు రోజైనా పదమూడు గంటలే. మావయ్యా, ఊళ్లో చిక్కుడు ఎప్పుడు పెడతారు, ఎప్పుడు పూస్తుంది?

మావయ్య: ఆషాఢంలోనో శ్రావణంలోనో పెడతాం. దసరా దాటి చలి మొదలైతే పూత. సంక్రాంతికి చిక్కుడుకాయ లేని ఇల్లుండదు. ఆగాగు. చలి వల్ల పూస్తుందని మేమనుకుంటాం. చలి కాదంటావా?

మేనకోడలు: రాత్రి పొడుగు. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే మన పందిరి చిక్కుడుకి పూత వస్తుంది. ఊళ్లో ఆ సమయం దసరా తర్వాత. ఇక్కడ కూడా సెప్టెంబరు నడిమి దాటాకే పగలు అంత తగ్గుతుంది. అప్పుడు మొగ్గ వేస్తుంది. అక్టోబరు మొదట్లో గడ్డకట్టే రాత్రి వస్తుంది. అంతా అయిపోతుంది. తప్పు ఎండదీ కాదు, నీదీ కాదు.

మావయ్య: అబ్బ. ఇదా సంగతి.

ఇక్కడ కాసేపు ఆగడం మంచిది, ఎందుకంటే చలిదేశపు తోటల్లో మన కూరల తలరాత చాలా వరకు దీని మీదే ఉంది. విత్తనాల పొట్లం మీద ఎన్ని రోజులకి కాపు అని ఉంటుంది. పగటి నిడివి గురించి ఉండదు. సెయింట్ పాల్ 45వ అక్షాంశం మీద ఉంది, తెనాలి 16 మీద. ఎండకాలపు వేడి కొంచెం అటూ ఇటూగా సరిపెట్టుకోవచ్చు, పట్టాలు పరిచి, బోదెలు తోలి. పగలు ఎంత సేపుంటుందో మార్చడం ఎవరి చేతుల్లోనూ లేదు. పొట్టి చిక్కుళ్లలో, కొన్ని ఊదారంగు కాయ రకాల్లో పగలుతో పనిలేకుండా పూసేవి ఉన్నాయి. అవి దొరికితే సరే. చుట్టాలు ఇచ్చిన ఊరి గింజతో మాత్రం ఆకు తప్ప రాదు.

మావయ్య: ఉండు. నువ్వు చెప్పిన దాంట్లోనే నాకు దారి కనిపిస్తోంది. గోంగూర కూడా ఊళ్లో పగళ్లు తగ్గాకే పూస్తుంది. పూస్తే ఆకు చిన్నదైపోతుంది, పీచు పడుతుంది. పగలు పొడుగ్గా ఉంటే పూయదంటావు కదా?

మేనకోడలు: పూయదు.

మావయ్య: అంటే జూన్‌లో మొలిచిన గోంగూర సెప్టెంబరు దాకా ఆకు మీదే ఉంటుంది! చిక్కుడుని చెడగొట్టిన రోజులే గోంగూరకి మేలు చేస్తాయి. మనకి కావలసింది పువ్వా, ఆకా? తలలు తుంచుతూ పోతే పక్కకొమ్మలు వేస్తుంది. మన కూరలు దండగన్నావు, రాసుకో గోంగూర, రెండు బోదెలు.

మేనకోడలు: రాశాను. ఒక బోదె.

మావయ్య: రెండు. తోటకూర?

మేనకోడలు: ఇక్కడ దాని చుట్టం కలుపుమొక్కగా దానంతటదే మొలుస్తుంది, కాబట్టి దానికి అడ్డులేదు. బచ్చలి జూన్‌లో నిద్రపోతుంది, జులైలో వేడెక్కాక లేస్తుంది. పచ్చదోస, బెండ, అలసంద బానే కాస్తాయి. బీర సంగతే అనుమానం.

మావయ్య: బీరకి ఏమైంది?

మేనకోడలు: పొడుగు పగళ్లలో మగపూలే పూస్తుంది. జులై అంతా పసుపు పూలతో పందిరి నిండుతుంది, పిందె ఉండదు. ఆడపూలు ఆగస్టులో గానీ రావు.

మావయ్య: ఆగస్టులో వస్తే సెప్టెంబరు ఆఖరు దాకా ఎన్ని కాయలు దిగుతాయే! నాకు అది చాలు. మూడు వారాల నారు మే ఆఖరుకి దించితే, పూత వేళకి తీగ పందిరెక్కి ఉంటుంది. చిన్న తీగకి ఆడపూలొచ్చినా మోయలేదు కాబట్టి జులైని తీగకి ఇద్దాం. ఆనపకైతే నేను చేసేది వేరు. నడితీగ ఆరేడడుగులు పాకాక తల తుంచుతా. పక్కతీగల మీదే ఆడపూలు ఎక్కువ వస్తాయి. అది సాయంత్రం విచ్చే పువ్వు, తేనెటీగలు అప్పటికి గూటికెళ్లిపోతాయి. చీకటి పడేప్పుడు నేనే మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దుతా.

మేనకోడలు: ఇక్కడ చీకటి పడేది తొమ్మిదిన్నరకి.

మావయ్య: మీ టీవీ కంటే అదే నయం. దొండ?

మేనకోడలు: దొండ గింజతో కాదు, తీగముక్కతో. మొదటి ఏడు కాపు తక్కువ. కుండీలో పెట్టి చలికాలం లోపలికి తెచ్చుకుంటే రెండో ఏడు నుంచి బాగుంటుంది. కరివేపాకు కూడా అంతే, రాత్రులు పదికి దిగేలోపు లోపలికి. మునగ ఊసెత్తకు.

మావయ్య: మీ అత్త విత్తనాల పొట్లాలు సంచిలో పెడతానంటే మీ ఆయన ఫోన్లో వద్దన్నాడు. అంత భయమేంటి?

మేనకోడలు: భయం కాదు, చట్టం. విత్తనానికి తెగుళ్లు లేవని మన దేశపు అధికారులిచ్చిన ధ్రువపత్రం గానీ, ఇక్కడి అనుమతి గానీ లేకుండా తేకూడదు. పచ్చి కరివేపాకు అసలే తేకూడదు. దాని మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మజాతి చెట్లని చంపే తెగులు మోసుకొస్తుంది. గోంగూర, బీర, ఆనప గింజలు ఇక్కడే అమ్ముతారు.

మావయ్య: అయితే ఈ నాలుగు రోజులయ్యాక నేను పెట్టేదేంటి?

మేనకోడలు: బఠాణీ, రాత్రి నానబెట్టి. ముల్లంగి, పాలకూర. మొలకెత్తిన బంగాళాదుంప ముక్కలు. ఏప్రిల్ ఆఖర్లో మెంతులు, ధనియాలు నలిపి. చుట్టూ కంచె మాత్రం ముందే కట్టాలి, ఈ ఊరి కుందేళ్లు బఠాణీ మొలక కనిపిస్తే వదలవు. జూన్ నడిమికి పగలు పెరిగి పాలకూర పూతకొస్తుంది. దాన్ని పీకేసిన చోట నీ గోంగూర.

మావయ్య: పీకేసి విత్తడమా? అప్పటికి నెల వెనకబడుతుంది. పాలకూర వరసల మధ్య జాగా వదులు. రోహిణిలో ఆ మధ్యన గోంగూర చల్లుతా. పాలకూర పోయేసరికి గోంగూర జానెడుంటుంది.

మేనకోడలు: సరే. ఇదుగో తాళంచెవి. పదును వచ్చిందో లేదో రోజూ నువ్వే చూసుకో.

నా తీర్పు అడిగితే, తేదీల విషయంలో మేనకోడలిదే పూర్తి గెలుపు. కూరల విషయంలో ముప్పాతిక మావయ్యది. చలిదేశంలో తెలుగు కూరలు దండగన్న మాట, తెలియక చిక్కుడు పెట్టి దెబ్బతిన్నవాళ్లు మిగతా అన్నిటికీ అంటగట్టిన మాట. మిన్నెసోటా, మిషిగన్, విస్కాన్సిన్ లాంటి చోట్ల ఉన్నవాళ్లు ఈ ఏడు ఇలా చేయండి. మట్టి పిండి చూసి, పదునుంటే బఠాణీ ఏప్రిల్లోనే పెట్టండి, మెంతులు నెలాఖరున చల్లండి. బీర, ఆనప గింజలని మే మొదటి వారం దాకా డబ్బా దాటనివ్వకండి. చిక్కుడు విత్తనం మాత్రం, అది పగటి నిడివితో పనిలేని రకమని అమ్మేవాళ్లు గట్టిగా చెబితే తప్ప కొనకండి.